సోడా నీళ్లు పోసిన బిడ్డ

దయ్యాలంటే నాకు నవ్వు. నేను ఎలక్ట్రీషియన్ని. సిద్దిపేటలో ఎవరింట్లోనైనా లైటు దానంతట అదే వెలిగి ఆరుతోందని భయపడుతూ ఫోన్ చేస్తే, నేను వెళ్లి చూసేది న్యూట్రల్ వైరునే. ఇప్పటిదాకా ప్రతిసారీ అది వదులైపోయే దొరికింది. టెస్టరు పెడితే తెలియని దయ్యం నాకింతవరకు తగల్లేదు.

మేము క్యాథలిక్కులం. నవంబరులో సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తాం, పోయినవాళ్ల ఆత్మల కోసం పూజ చెప్పిస్తాం. కానీ పోయినవాళ్లు లేచి తిరుగుతారని మాకెవరూ నేర్పలేదు. అందుకే కింద రాసేది చదివి, వీడికేదో పిచ్చి పట్టిందనుకుంటే మీ ఇష్టం. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. నాతోపాటు చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

మా ఊరు తొగుట వైపు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే ఇప్పుడది రిజర్వాయరు కింద ఉంది. ఊరి పక్కన ఒక రాతి గుట్ట, గుట్ట మీద మా మరియమాత గుడి, గుడి వెనక ప్రహరీ కట్టిన సమాధుల దొడ్డి. ఊరు మునిగింది, గుట్ట మునగలేదు. చుట్టూ నీళ్లు నిండాక గుట్ట దీవి అయిపోయింది. మమ్మల్ని పునరావాస కాలనీలో పెట్టి కొత్త గుడి కట్టించినా, నెలకోసారి, మొదటి శనివారం, చేపలు పట్టేవాళ్ల మోటారు పడవలో ఆ దీవికి వెళ్లి పూజ పెట్టుకుంటాం. ఆడవాళ్లు పడవలోనే జపమాల మొదలుపెడతారు. గుడి పైకప్పు రేకులు ఎప్పుడో పోయాయి. పీఠం మీద ఎండ పడుతుంది, ఫాదర్ గొడుగు కింద నిలబడి పూజ చెబుతాడు. మైకు, బ్యాటరీ నేనే మోసుకెళ్తాను.

మా బాపు ఆ ఊరి ఉపదేశి. పట్నం నుంచి ఫాదర్ రాని ఆదివారాలు ప్రార్థన చెప్పించేది, పిల్లలకు జపాలు నేర్పేది, చావుకు గంట కొట్టేది ఆయనే. ఫాదర్లు మారుతుండేవాళ్లు, ఆయన మారలేదు. ఆయనకు దేవుడి మీద ఉన్నంత భక్తి నియమాల మీద కూడా ఉండేది, ఇంకాస్త ఎక్కువే ఉండేదేమో. పూజకు రాని మొగవాళ్లను పండుగ రోజు గుడి గడప బయట నిలబెట్టేవాడు. జపం తప్పు చదివితే నా మోకాళ్ల కింద ఇసుక పోసి కూర్చోబెట్టేవాడు. నేను ఎక్కువగా ఆ ఇసుక మీదే పెరిగాను.

ఆయన అందరికీ తప్పకుండా నేర్పిన సంగతి ఒకటుంది. పసిబిడ్డ ప్రాణం పోయేలా ఉండి, ఫాదర్ అందుబాటులో లేకపోతే, ఎవరైనా సరే తల మీద నీళ్లు పోసి, పేరు పెట్టి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున అని చెబితే అది జ్ఞానస్నానమే. అలా చేయకపోతే ఆ బిడ్డకు గోడ లోపల జాగా లేదు. జ్ఞానస్నానం లేని బిడ్డల్ని ప్రహరీ బయట, కిందికి జారే నల్లమట్టి వాలులో పూడ్చేవాళ్లు. మిగతా ఊళ్లలో ఆ పద్ధతి ఎప్పుడో పోయిందట. మా ఊళ్లో బాపు ఉన్నాడు కదా, అది పోలేదు.

మా అక్క ఫిలోమిన తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఏడో నెలలోనే కన్నది. మగబిడ్డ. అరచేతిలో పట్టేంత ఉన్నాడు, ఊపిరి ఆడట్లేదు. ఆటోలో వెనక అక్క, మమ్మల్ని కన్న అవ్వ, ఆమె ఒడిలో బిడ్డ. ముందు డ్రైవరు పక్కన నేను. సిద్దిపేట పెద్ద దవాఖానకు బయల్దేరాం. సగం దారిలో బిడ్డ నీలంగా మారాడు. అవ్వ ఆటో ఆపించింది. నీళ్ల సీసా తేవడం అందరం మరిచాం. రోడ్డు పక్కన ఒక్క కిరాణా డబ్బా ఉంది. అక్కడ నీళ్లడిగితే కొట్టతను బిందె ఖాళీ అన్నాడు, బయట పెట్టెలో సోడాలున్నాయి. అవ్వ ఒక సోడా కొట్టించి, చేతిలో వంపుకుని, బిడ్డ తల మీద మూడుసార్లు పోసింది. యోసేపు అని పేరు పెట్టింది. చెప్పాల్సిన మాటలన్నీ చెప్పింది. నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను. నీళ్లు పడగానే బిడ్డ ముఖం చిట్లించాడు. బతికే ఉన్నాడు. దవాఖాన గేటు దాకా రాకుండానే పోయాడు.

ఇంటికి తెచ్చాక అవ్వ జరిగిందంతా బాపుకు చెప్పింది. యోసేపును గోడ లోపల పెడదాం అంది. బాపు అంతా విని అడిగిన మొదటి మాట బిడ్డ గురించి కాదు.

"ఏం నీళ్లు పోసినవ్?"

"సోడా నీళ్లు. వేరే నీళ్లు దొరకలే."

"సోడా నీళ్లు నీళ్లు కాదు. గ్యాసు కలిపిండ్రు. దేవునితోని పరాచికాలాడినవా? గా పిండానికి జ్ఞానస్నానం కాలే, పేరు లేదు."

బాలింత అక్క మంచం మీద నుంచి వింటోంది. తన మనవణ్ని పిండం అన్నాడు. మా అక్క చదువుకునేటప్పుడు పుస్తకాలు పెట్టుకున్న పచ్చరంగు రేకు సందూకలో బిడ్డను పెట్టి, గోడ బయట పూడ్చి, మీద ఒక గుండ్రాయి పెట్టారు. అప్పటి ముసలి ఫాదర్‌ను అడిగితే, ఉపదేశి చెప్పాక నేను మార్చలేనమ్మా అని తప్పుకున్నాడు. మా బావ ఆ తర్వాత పనికి భివండి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. బిడ్డ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే బాపు అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన లేస్తే అవ్వ కూడా తినకుండా లేచేది. అందుకని మేమే నోరు మూసుకున్నాం.

అవ్వ ఊరు మునగకముందే పోయింది. గుట్ట అంతా రాయి కాబట్టి సమాధి తవ్వాలంటే ట్రాక్టరు మీద కంప్రెషర్ తెప్పించి రాయి పగలగొట్టాలి. ఊరు ఖాళీ చేశాక ఆ కంప్రెషర్ మళ్లీ రాదని బాపు ముందుచూపుతో పక్కపక్కన రెండు గుంతలు కొట్టించాడు. ఒకదాంట్లో అవ్వ. రెండోదాన్ని పొడి మొరం కంకరతో నింపి, షాబాదు బండ పరిచి, తన పేరు ముందే చెక్కించుకున్నాడు. బండ చుట్టూ సిమెంటు పూశాక, అది తడిగా ఉండగానే నాలుగు మూలలా బొటనవేలితో సిలువ గుర్తు వేశాడు. అప్పుడు దీపం పట్టుకుని పక్కన నిలబడింది నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నీళ్లు వస్తున్నాయని తెలిశాక అక్క బాపు కాళ్లు పట్టుకుంది. గోడ లోపలున్నవాళ్లకు ఏం కాదు, వాలులో ఉన్నవాళ్లు మునుగుతారు. సందూకను నాలుగడుగులు లోపలికి జరపమని అడిగింది, అంతే. బాపు కొవ్వొత్తుల స్టాండు తుడుచుకుంటూ, "గోడ లోపల జ్ఞానస్నానమైనోళ్లకే" అన్నాడు. తలెత్తను కూడా లేదు.

ఒకరోజు ఆయన మీటింగుకు పోయినప్పుడు పట్టపగలే నేనూ అక్కా వెళ్లి వాలులో తవ్వాం. సందూక తుప్పు పట్టింది కానీ విరగలేదు. గడ్డపార తగిలి గొళ్లెం ఊడిపోయింది. అక్క మూత కొద్దిగా ఎత్తి, లోపల గుడ్డ కనపడగానే మూసేసింది. మూత ఊడకుండా నా జేబులో ఉన్న ఎర్ర సర్వీసు వైరుతో నేను చుట్టి కట్టాను. వైరు కొసను రెండు మెలికలు తిప్పి, ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడవడం నా అలవాటు. ఇరవై ఏళ్లుగా నేను వేసిన ప్రతి జాయింటూ అలాగే ఉంటుంది.

సందూకతో దొడ్డి గేటు దాకా రాకముందే బాపు ఎదురొచ్చాడు. ఎవరు చెప్పారో తెలీదు. చేతిలో కర్ర ఉంది కానీ కొట్టలేదు. అక్కకేసి చూసి, "నీ చేతులతోనే తీస్కపోయి మళ్ల ఆడనే పెట్టు" అన్నాడు. అక్క పెట్టింది. మట్టి కూడా అక్కతోనే తోయించాడు. పూర్తయ్యేదాకా నిలబడి, గుండ్రాయి సరిగ్గా పెట్టిందో లేదో చూసి మరీ వెళ్లాడు. అది జరిగిన కొద్దిరోజులకే మేము ఊరు వదిలాం. నీళ్లు వాలు ఎక్కి గోడ పునాది దాకా రావడం నేను కట్ట మీద నిలబడి చూశాను. పక్కనే అక్క ఉంది. ఏడవలేదు. ఆ రోజు నుంచి బాపును బాపూ అని పిలవడం మానేసింది, వండి పెట్టడం మాత్రం మానలేదు.

ఆయన కాలనీలోనే మంచాన పడ్డాడు. చూసుకున్నది అక్కే. ఎత్తి కూర్చోబెట్టేది, కడిగేది, తినిపించేది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన దాహం, దాహం అన్నాడు. అక్క బయటికి వెళ్లి ఒక సోడా తెచ్చి, గ్లాసులో పోసి, ఆయన నోటికి అందేంత దగ్గరగా పట్టుకుంది.

"ఇవి నీళ్లేనా? నీళ్లే అని ఒక్కపారి అను. తాపిస్త."

బాపు గ్లాసు వైపు చూశాడు. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. ఆ గ్లాసు బుసబుసమనడం నాకు గడప దగ్గరికి వినపడుతోంది. ఆయన నోరు గట్టిగా మూసుకుని గోడ వైపు తిరిగాడు. అక్క బుడగలన్నీ పోయేదాకా గ్లాసు అలాగే పట్టుకుని, తర్వాత మోరీలో పారబోసింది. చివరికి కుండలో నీళ్లు తెచ్చి నేను తాపించాను. ఆ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో నాకు ఆ రోజు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

రెండు రోజులకు పోయాడు. గుట్ట మీద అవ్వ పక్కనే పెట్టాలన్నది ఆయన కోరిక. ఎన్నో ఆఫీసులు తిరిగితే పడవకు ఒక్క పూట అనుమతిచ్చారు, పొద్దు గూకేలోపు అందరం తిరిగి రావాలన్నారు. ఎండాకాలం, నీళ్లు బాగా తగ్గాయి. గోడ బయటి వాలు తేలి, నల్లమట్టి పగుళ్లు వేసి ఉంది. పడవలో శవపేటిక, కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్, నేను, అక్క, మోయడానికి మా చిన్నాయన కొడుకులు ఇద్దరు, ఇంకో పదిమంది.

బండ దగ్గర ముందు మోకాళ్ల మీద కూర్చుని చూసింది నేనే. నా పని అలవాటు, ఏది విప్పినా ముందు చూసుకుని విప్పుతాను. సిమెంటు ఎక్కడా బీటలు వారలేదు. నాలుగు మూలలా నాలుగు సిలువలు, వాటిలో బాపు బొటనవేలి గీతలు కూడా అలాగే ఉన్నాయి. ఉలీ సుత్తీ పెట్టి నేనే పగలగొట్టాను. చాలాసేపు పట్టింది.

మా చిన్నాయన కొడుకులు మొరం తోడటం మొదలుపెట్టారు. ఎండిన మొరం, పార ఎత్తితే దుమ్ము లేస్తోంది. నడుము లోతుకు పోయాక పార రేకుకు తగిలింది.

"అన్నా, గీడ ఏదో ఉన్నది" అన్నాడు పెద్దోడు.

నేను కిందికి దిగి చేతులతో మొరం పక్కకు తోశాను. పచ్చరంగు. దాని మీద నా ఎర్ర వైరు. రెండు మెలికలు, లోపలికి మడిచిన కొస.

పైకి ఎత్తితే సందూక నుంచి నీళ్లు కారాయి. నాలుగు పక్కలా పొడి మొరం, మధ్యలో ఆ పెట్టె ఒక్కటే తడి. మూత అంచుల్లో నల్లటి బురద, ఆ బురదలో చిన్న చిన్న నత్తగుల్లలు, కాస్త నాచు. చెరువు వాసన వచ్చింది. నా చొక్కా ముందు భాగమంతా తడిసిపోయింది. అందరూ చూశారు. ఫాదర్ చేతిలోని పుస్తకం మూసేశాడు.

అక్క కింద కూర్చుని మూత మీద చెయ్యి పెట్టింది.

"తమ్మీ, గిది నువ్వు కట్టిన వైరేనా?"

"నాదే అక్కా."

నాకు నమ్మకం కుదరలేదు. అలాంటి పెట్టె ఇంకోటి ఉండొచ్చు కదా అని, గడ్డపార తీసుకుని గోడ బయటికి వెళ్లాను. గుండ్రాయి అక్కడే ఉంది, మట్టిలో సగం దిగబడి. చుట్టూ ఎండిన నల్లమట్టి ఒకే పొరగా ఉంది, ఎవరూ కదిపిన గుర్తు లేదు. తమ్ముళ్లను పిలిచి తవ్వించాను. ఛాతీ లోతు దాకా పోయాం. మెత్తటి మట్టి తప్ప ఏమీ లేదు. అడుగున నీళ్లు ఊరడం మొదలైంది.

అందరం ఆ గుంత చుట్టూ నిలబడ్డాం. ఫాదర్ ముందుగా తేరుకున్నాడు. ఆ కుర్రవాడు మంచివాడే. అవ్వ చేసిన జ్ఞానస్నానం సంగతి నా దగ్గర విని, "నీళ్లు నీళ్లేనమ్మా. సోడా అయినా నీళ్లే. మీ బిడ్డ జ్ఞానస్నానం పొందినట్టే" అన్నాడు.

"గీ మాట మా అవ్వ బతికినప్పుడు చెప్పేటోళ్లు ఒక్కలు లేకపాయె ఫాదర్" అంది అక్క.

తాతనూ మనవణ్నీ ఒకే సమాధిలో పెడదామని ఫాదర్ అన్నాడు. అందరూ అదే మంచిదన్నారు. అక్క సందూక మీది చెయ్యి తీయలేదు.

"గోడ లోపల ఒక్క జాగనే ఖాళీ ఉండె. నా కొడుకు అచ్చి పండుకున్నడు. లేపుతనా?" అని, గోడ బయటి గుంత వైపు చూపించింది. "గాడ గుంత తవ్వనే తవ్విన్రు. జర పెద్దగ చెయ్యిన్రి."

రాయిలో ఇంకో గుంత తవ్వడానికి కంప్రెషర్ లేదు. శవాన్ని తిరిగి తీసుకుపోతే మళ్లీ పడవకు అనుమతి రాదు. పడవవాడు అప్పటికే పొద్దు చూస్తున్నాడు. ఫాదర్ చేతులు జోడించాడు, అక్క కదల్లేదు. చివరికి అందరూ కొడుకునని నా వైపు తిరిగారు.

నాకు ఆ ఇసుక గుర్తొచ్చిందో, మోరీలో పారబోసిన గ్లాసు గుర్తొచ్చిందో చెప్పలేను. పార తీసుకుని వాలులోకి దిగి, గుంతను పొడవు చేయడం మొదలుపెట్టాను.

బాపును అక్కడే దింపాం. ఫాదర్ ఆ మట్టికి కూడా పవిత్ర జలం చల్లి, చదవాల్సినవన్నీ చదివాడు. బాపు పెట్టె దింపేసరికి అడుగున మోకాలి లోతు నీళ్లున్నాయి. శవపేటిక తేలితే, తమ్ముళ్లిద్దరూ పారలతో అదిమిపట్టి మీద మట్టి వేశారు. అవ్వ పక్కన సందూక పెట్టి, పైన బండ మళ్లీ పరిచాం. వేరే బండ లేదు కాబట్టి దాని మీద బాపు పేరే ఉంది. ఆయన పేరు లేదన్న బిడ్డ ఇప్పుడు ఆయన పేరు కిందే ఉన్నాడు.

వానలు పడ్డాక నీళ్లు మళ్లీ గోడ దాకా వచ్చాయి. మొదటి శనివారం పడవ ఆ వాలు మీదుగానే పోయి రేవుకు చేరుతుంది. ఆడవాళ్లు ఆ చోట జపమాల కాస్త గట్టిగా చెబుతారు. అక్క మాత్రం అటు చూడదు. పూజ అయ్యాక సంచిలోంచి ఒక సోడా తీసి బండ మీద పోస్తుంది. బాపు పేరు చెక్కిన అక్షరాల్లో నీళ్లు కాసేపు బుసబుసమని ఇంకిపోతాయి.

ఎవరైనా ముందే జరిపి ఉంటారని అంటారేమో. బాపే రహస్యంగా జరిపాడనుకుందామా? మా అక్క చేత మళ్లీ పూడ్పించింది ఆయనే. బండ వేసింది అంతకు ముందు, సిమెంటు మీద ఆయన వేలిముద్ర చెదరలేదు. నేను వైరు కట్టింది బండ వేసిన తర్వాత. పొడి మొరంలో ఉన్న పెట్టెకు రిజర్వాయరు నత్తలు ఎలా అంటుకున్నాయి? ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడికి వచ్చి ఆగిపోతాను. నా టెస్టరుకు అందే సంగతి కాదిది.

ఈ ఎండాకాలం వాలు మళ్లీ తేలింది. ఫాదర్ పట్టుబట్టి, ఎలాగో పడవ మీద చిన్న కంప్రెషర్ తెచ్చి గోడ లోపల కొత్త గుంత కొట్టించాడు. బాపును తీసి అందులో పెడదాం, జరిగిందేదో జరిగింది అన్నాడు. గడ్డపార నాకిచ్చాడు. వాలులోకి దిగాను. మేము పూడ్చిన చోట నల్లమట్టి పగుళ్లు వేసి, ఒకే పొరగా ఉంది. ఎవరూ కదిపిన గుర్తు లేదు. పెట్టె దొరకని రోజు గుండ్రాయి దగ్గర కూడా సరిగ్గా అలాగే ఉండింది.

గడ్డపార ఎత్తినవాణ్ని ఎత్తినట్టే ఉండిపోయాను. తవ్వితే బాపు కనపడకపోతే ఏం చేయాలి? గోడ లోపల ఇంక ఏ బండ ఎత్తి వెతకాలి? పైనుంచి అక్క నన్నే చూస్తోంది.

"ఏం తమ్మీ, తవ్వుతలేవు?" అంది.

గడ్డపార పడవలో పడేసి వచ్చి కూర్చున్నాను. ఫాదర్ కొట్టించిన గుంత ఇంకా అలాగే తెరిచి ఉంది. పోయిన నెల మైకు సర్దుతూ దాని పక్కనుంచి వెళ్లాను కానీ, అందులోకి తొంగి చూడలేదు.